బెడోక్‌లో మంచు రోడ్డు

ఆ మూడు నెలలూ మా టీవీలో సీరియళ్ళు లేవు, వార్తలు లేవు, చివరికి క్రికెట్ కూడా లేదు. ఉన్నవి మంచు రోడ్లే. జపాన్‌లో ఎవరో కారు అద్దానికి కెమెరా తగిలించుకుని, కొండమీది స్కీ రిసార్టుకి వెళ్తూ తీసిన వీడియోలు. వాటిలో మాటా ఉండదు, పాటా ఉండదు. తెల్లటి రోడ్డు, రెండు పక్కలా తెల్లటి గట్లు, పైన తెల్లటి ఆకాశం, వైపర్ల చప్పుడు. బయట మేముండే బెడోక్ పేటలో ఎండ నెత్తి మాడుస్తుంటే, లోపల సీలింగ్ ఫ్యాన్ కింద బనీనుతో కూర్చుని మా ఆయన ఆ రోడ్డు మీద కారు నడిపేవాడు.

నడపడమంటే ఉత్తుత్తి మాట కాదు. మా పెళ్ళికి మా అమ్మ పెట్టిన స్టీలు కంచాల్లో పెద్దది తీసుకుని, రెండు చేతులా అంచులు పట్టుకుని స్టీరింగ్‌లా తిప్పేవాడు. కుడికాలు నేల మీద మెల్లగా ఆడేది. మొదటిరోజు చూసి నేను పడీ పడీ నవ్వాను. "నవ్వుకో. రేపు అక్కడ కారు జారినప్పుడు నీ నవ్వేం కాపాడదు," అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆయన ఉద్యోగమే అలాంటిది. ఊరికి అవతలి కొసన, జురాంగ్ ఈస్ట్ దాటాక ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఇంజినీరు. ప్రమాదం జరక్కముందే జరిగినట్టు ఊహించి, అందరిచేతా రిహార్సల్ చేయించడమే పని. ఆ బుద్ధి ఇంటికీ వస్తుంది. కుక్కర్ మూత తియ్యడానికి కూడా ఎక్కడ నిలబడాలో చెప్తాడు. పదహారేళ్ళుగా వండుతున్నదాన్ని నేను, చెప్పేది ఆయన.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఇక్కడ ఆరో తరగతి చివర పిల్లల ప్రాణాలు తోడేసే పరీక్ష ఒకటుంటుంది. అది అయిపోయాక డిసెంబరు సెలవల్లో జపాన్‌లోని హొక్కైడో మంచు చూపించడానికి తీసుకెళ్తానని ఆయన దానికి మాటిచ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి రిసార్టుకి బస్సుంది. హోటల్ గుమ్మం ముందే దింపుతుంది. నేను ఆ మాటే అన్నాను.

"బస్సెక్కడానికి అంత దూరం ఎందుకే? ఇక్కడ బస్సుల్లేవా?" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కారు అద్దెకి మాట్లాడేశాడు, ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చేసుకున్నాడు. నాకు డ్రైవింగ్ రాదు. ఆ కొండదారిలో, ఆ లోయల పక్కన, నా ప్రాణమూ నా బిడ్డ ప్రాణమూ ఆయన రెండు చేతుల్లోనే ఉంటాయి. నాకు భయంగా ఉందని చెప్పాను. అందుకేగా ఈ ప్రాక్టీసంతా అన్నాడు.

ప్రాక్టీసులో నాకూ ఒక వేషం ఇచ్చాడు. కారు వెనకభాగం ఎటు జారితే స్టీరింగ్ అటే తిప్పాలట, బ్రేకు మాత్రం తొక్కకూడదట. నేను వంటింట్లోంచి ఎప్పుడు పడితే అప్పుడు "కుడి" అనో "ఎడమ" అనో గట్టిగా అనాలి. ఆయన వెంటనే కంచం అటు తిప్పాలి. బెండకాయలు తరుగుతూ "ఎడమ", పోపు వేస్తూ "కుడి". పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో ఆ భగవంతుడికే తెలియాలి.

ఒక సాయంత్రం నేను "కుడి" అన్నాను. కంచం తిరగలేదు.

తలుపు దగ్గరికొచ్చి చూశాను. టీవీలో రోడ్డు మలుపు తిరిగి సొరంగంలోకి వెళ్ళింది, బయటికొచ్చింది, మళ్ళీ తెల్లబడింది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతుల్లో కంచం నిటారుగా ఉంది. కుడిచేతి బొటనవేలు మాత్రం కంచం అంచు మీద ముందుకీ వెనక్కీ రాస్తోంది. నోట్లో ఏదో మింగుతున్నట్టు గొంతు కదులుతోంది. ఫ్యాన్ కింద ఆ వేలి చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"ఏవండీ, కుడి అన్నాను," అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "మీతోనే మాట్లాడేది." అయినా లేదు. కాసేపటికి కంచం కుడివైపు తిరిగింది. "కుడి," అన్నాడు తృప్తిగా, నేను ఆ క్షణమే చెప్పినట్టు.

బస్సు గొడవకి నామీద అలిగాడనుకున్నాను. మా ఆయన పలక్కపోవడం నాకు కొత్తా ఏమిటి? ఒక్క పిలుపుకి పలికే మొగుడు ఏ ఇంట్లో ఉన్నాడో చూపించండి, వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాను. ఇండియాకి ఫోన్ చేసినా, పిల్లకి చెప్పినా నాది ఒకటే మాట: మీ నాన్న అంతే, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ రోజు కూడా ఆ మాటే అనేసి, లోపలికెళ్ళి పోపు మాడిపోతుంటే స్టవ్ కట్టేశాను.

మా కింద అంతస్తులో ఒక ఆంటీ ఉంటుంది. వాళ్ళ తాతలు బ్రిటిష్‌వాళ్ళ కాలంలోనే విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చేశారు. ఆవిడ తెలుగులో తమిళమూ మలయ్ భాషా కలిసిపోయి ఉంటాయి. ఒకరోజు లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి చెయ్యి పట్టుకుంది.

"మీ ఆయనకి ఒళ్ళు బాగుందా పాపా?"

"బాగానే ఉన్నారాంటీ. ఏం?"

"పొద్దున కార్‌పార్క్‌లో కార్లో కూచోనుండాడు. నేను అద్దం తట్టినా. చూస్తానే ఉండాడు, అయితే నన్ను చూళ్ళా. నాకు తాకుత్ అయిపోయింది. గబగబా వచ్చేసినా."

తాకుత్ అంటే ఇక్కడ భయం. ఆవిడ మొహంలోనూ అదే ఉంది. "ఫోన్ చూసుకుంటూ ఉంటారాంటీ," అన్నాను, కాస్త చిరాగ్గానే.

"చేతిలో ఫోను లేదు పాపా. స్టీరింగ్ మీద బొట్నవేలు మాత్రం ఆడతా ఉంది, ఇట్లా," అని తన వేలు నా మణికట్టు మీద రాసి చూపించింది.

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆవిడ అక్కడితో ఆగలేదు. గాలి సోకిందేమో, కారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించమంది. తన సంచీలోంచి తీసి ఇచ్చింది కూడా. నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా ఇంటికి తీసుకెళ్ళాను. పులిహోరకి వాడేసి, ఆ తర్వాత రెండు రోజులు వాడకుండా ఉండాల్సిందేమో అని మథనపడ్డాను.

అక్టోబరులో ఆయన టైర్లకి వేసే ఇనప గొలుసులు తెచ్చాడు. మంచులో టైరు జారకుండా చుట్టూ బిగిస్తారు. అక్కడ అద్దెకార్లకి మంచు టైర్లు ముందే ఉంటాయని ఆయనే చెప్పాడు. "ఉన్నా సరే, చేతనై ఉండాలి," అని ఒక ఆదివారం పొద్దున నన్ను మా కార్‌పార్క్ పై అంతస్తుకి లాక్కెళ్ళాడు. అక్కడ పైకప్పు ఉండదు, కార్లు కూడా ఎవరూ పెట్టరు. ఎండకి కాంక్రీటు కాలిపోతోంది. ఆయన ఉన్ని చేతితొడుగులు తొడుక్కున్నాడు, నాకూ తొడిగాడు. చలికి వేళ్ళు మొద్దుబారినప్పుడు ఎలా ఉంటుందో ముందే తెలియాలట. చెమట మోచేతుల దాకా కారుతుంటే ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని టైరుకి గొలుసు చుట్టాం. ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రికి ఫోన్ చేసేవారు.

"ఈ కొక్కెం లోపలివైపు రావాలి. ముందు వెనకది తగిలించి, ఆ తర్వాత..." అని ఆగాడు.

ఆ తర్వాత ఏమిటా అని చూశాను. గొలుసు రెండు చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మా మొహాల మధ్య జానెడు దూరం. కళ్ళు నావైపే ఉన్నాయి. వాటిలో నేను లేను. నాకు ఇంకోలా చెప్పడం చేతకాదు. ఇల్లు తెరిచే ఉండి లోపల మనుషులు లేనట్టు ఉంది. బొటనవేలు ఉన్నితొడుగులో నుంచి ఇనప లింకు మీద రాస్తోంది. ఒక మైనా పిట్ట పారాపెట్ గోడ మీంచి దూకి, ఆయన కాలి పక్కగా, ఆయన అక్కడ లేనట్టే నడిచిపోయింది. నేను మొహం ముందు చెయ్యి ఆడించాను. భుజం కుదిపాను.

"...ముందుది బిగించాలి," అన్నాడు. గొలుసు లాగాడు. "ఏంటే, అలా చూస్తున్నావ్?"

"ఇప్పుడు ఎక్కడికెళ్ళారు మీరు?"

"ఎక్కడికెళ్తాను? నీ ముందే ఉన్నాగా."

జరిగింది చెప్పాను. ఆంటీ అన్నది కూడా చెప్పాను. ఆయన మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, కొక్కెం గురించి ఆలోచిస్తున్నానన్నాడు. డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నాను.

"వెళ్ళి ఏం చెప్పమంటావు? మా ఆవిడ పిలిస్తే పలకట్లేదు, మందివ్వండి అనా?"

ఆ మాటకి నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆయన కరిగినట్టే కనబడి, మళ్ళీ మొండికేశాడు. డాక్టర్ ఏదో ఒకటి రాసేస్తే లైసెన్సు పోతుంది, ఫ్యాక్టరీలో వంద ప్రశ్నలు వేస్తారు, నీకు అనుమానంగా ఉందని ఇదంతా నెత్తికెత్తుకోవాలా అన్నాడు. "నాకేమీ అవ్వట్లేదు. అయితే నాకు తెలీదూ?"

అక్కడే ఉంది చిక్కు. ఆయనకి తెలీదు. ఆయన లోపల ఆ కాసేపు లేనేలేదు. కత్తిరించి, రెండు కొసలూ అతికేసినట్టు పోతుంది. లేని దాన్ని ఉందని ఎవరికి చూపించను?

ఆ తర్వాత నేను ఆయనకి కాపలా కూర్చున్నాను. పని లేకపోయినా పిలిచేదాన్ని. స్నానాల గది తలుపు కొట్టి పిలిచేదాన్ని, పేపరు చదువుతుంటే పిలిచేదాన్ని, భోజనం చేస్తుంటే ఎదురుగానే కూర్చుని పిలిచేదాన్ని. ఆయన ప్రతిసారీ పలికాడు. విసుగ్గానే పలికాడు, కానీ పలికాడు. కంచం పట్టుకుంటే నేను నోరు తెరిచేలోపే తిప్పేవాడు. వారాలు గడిచాయి. ఏమీ జరగలేదు. టీవీలో మంచు అలా పడుతూనే ఉంది. దాని ముందు ఆయన వీపు చూస్తూ నిలబడితే, అవతలివైపు మొహంలో ఇప్పుడు మనిషి ఉన్నాడా లేడా అని తొంగిచూడబోయి ఆగిపోయేదాన్ని. పిలవాలన్నా భయం, పిలవకపోవాలన్నా భయం. ఒక్కోసారి నాకే మతిపోతోందేమో అనిపించేది.

నవంబరులో చెప్పేశాను. మీరు కారు నడిపితే నేను రాను.

"సరే, రాకు. నేనూ అదీ వెళ్తాం," అన్నాడు.

దాన్ని పంపనన్నాను. పిల్ల గదిలోంచి బయటికొచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అమ్మా, ప్లీజ్ లా. ఐ వాంట్ టు గో," అంది ఇక్కడి పిల్లల యాసలో. ఆయన నావైపు గెలిచినట్టు చూశాడు. ఆ చూపుకి నేను ఆయన్ని క్షమించడానికి చాలా రోజులు పట్టింది.

స్కూలు ఆఖరి వారంలో ఒక సాయంత్రం ఆయన చివరి రిహార్సల్ అన్నాడు. ఈసారి కంచం కాదు, నిజం కారు. కార్‌పార్క్‌లో మా చోటులోనే, ఇంజిను ఆపేసి. అక్కడ కూర్చోబోయే విధంగానే కూర్చోవాలి: ఆయన స్టీరింగ్ ముందు, దారి చూసి చెప్పడానికి పిల్ల పక్క సీట్లో, నేను వెనక. నేను వెళ్ళాను. ఎందుకంటే ఆ మనిషి పక్కన నా పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టడం నావల్ల కాలేదు. వారమంతా నేను చేసే పని అదేనని నాకప్పుడు తట్టలేదు. నేను పొద్దున్నే రైలెక్కి యూనివర్సిటీ లాబ్‌కి పోతాను. దాని స్కూలు ఆయన ఆఫీసుకి వెళ్ళే దారిలోదే. రోజూ ఆయనే దింపుతాడు.

కార్లో ఉక్కగా ఉంది. ముందు గోడ, గోడ మీద ట్యూబులైటు వెలుగు. పిల్ల ఒళ్ళో కథల పుస్తకం తెరుచుకుంది. నేను "ఎడమ" అన్నాను. ఆయన తిప్పాడు. "కుడి" అన్నాను. తిప్పాడు. నాకు ప్రాణం కాస్త కుదుటపడింది. మళ్ళీ "ఎడమ" అన్నాను.

స్టీరింగ్ చక్రం కదల్లేదు. వెనక బళ్ళు చూసే చిన్న అద్దంలో ఆయన కళ్ళు గోడ వైపు తెరిచి ఉన్నాయి. బొటనవేలు రాస్తున్న చప్పుడు వినబడింది.

నేను అరవబోయాను. అంతలో మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే కుడిచెయ్యి చాచి స్టీరింగ్ పట్టుకుంది. కింద వైపు, ఆయన చేతికి తగలకుండా పట్టుకుంది. ఎన్నోసార్లు చేసిన పనిలా ఉంది. ఎడమచేత్తో పుస్తకం మూయకుండా, వేలు పెట్టి పేజీ ఆపుకుంది. అప్పుడు తలెత్తి రోడ్డు ఉండాల్సిన చోట ఉన్న గోడని చూస్తూ కూర్చుంది.

"వెయిట్ అమ్మా," అంది మెల్లగా. "డోంట్ షౌట్. హీ విల్ కమ్ బ్యాక్."

ఆయన గొంతు గుటక వేసింది. చక్రం మీద చెయ్యి కదిలింది. ఆ కదలికకి ముందే దాని చెయ్యి వచ్చేసింది, పేజీ తిప్పుతోంది. ఆయన ఎడమకి తిప్పి, "ఎడమ. బాగుంది," అన్నాడు.

వెనక నుంచే దాని భుజం పట్టుకున్నాను. "ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావే ఇది?"

"ఏది?" అన్నాడు ఆయన.

అది వాళ్ళ నాన్న మొహం చూసింది, నా మొహం చూసింది. తప్పు చేసి దొరికిపోయినట్టు గొంతు తగ్గించింది. "నాట్ ఎవ్రీ డే. మోస్ట్లీ రెడ్ లైట్ దగ్గరే, నాన్నా. గ్రీన్ వచ్చినా నువ్వు వెళ్ళవు, వెనక హారన్ కొడతారు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ట్వైస్ ఓన్లీ."

నాకెందుకు చెప్పలేదని అడిగాను. "ఐ థాట్ యు నో. నాన్న అంతే అని నువ్వే అంటావు కదా." దాని గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. నిజంగానే అలా అనుకుంది.

మా ఆయన నా మాట నమ్మలేదు, ఆంటీ మాట నమ్మలేదు. దాని మాట నమ్మాడు. నమ్మాడని ఎలా తెలిసిందంటే, ఆయన మరో ప్రశ్న అడిగాడు, ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగాక అడిగే గొంతుతో. "బెల్టు వేసుకుని ఉంటావుగా. నీ చెయ్యి స్టీరింగ్ దాకా ఎలా వస్తుంది?"

పిల్ల బెల్టు లాగి చూపించింది. భుజం మీంచి రావాల్సిన పట్టీని చంక కిందనుంచి తెచ్చుకుంది. అప్పుడు చెయ్యి అందుతుంది. అలా పెట్టుకుంటే ప్రమాదమని ఆయన దాన్ని రోజూ తిడుతూనే ఉన్నాడట. అది "సారీ నాన్నా" అని సరిచేసుకుని, కారు కదలగానే మళ్ళీ చంక కిందకి లాక్కునేదట.

ఆయన చాలాసేపు దాని బెల్టు చూస్తూ ఉండిపోయాడు. ఈసారి కళ్ళలో మనిషి ఉన్నాడు, అదే చూడలేకపోయాను. తర్వాత కారు దిగి, ఆ పక్కకొచ్చి తలుపు తీసి, దాన్ని దించాడు. మరుసటి పొద్దున దాన్ని బస్సులో నేనే దింపాను. ఆయన ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నాకంటే ముందే ఆసుపత్రిలో కూర్చున్నాడు.

మూర్ఛంటే కిందపడి కొట్టుకోవడమే అనుకునేదాన్ని. కళ్ళు తెరుచుకుని కూర్చుని కూడా వస్తుందట. మందులు మొదలుపెట్టారు. కారు నడపకూడదన్నారు, ఆయన ఎదురు మాట్లాడలేదు. ప్రయాణం మానేద్దామని నేనే అన్నాను. డాక్టర్ వెళ్ళవచ్చన్నాడు. స్కీయింగ్ పిల్ల ఒక్కతే చేస్తుంది, ఆయన కింద నిలబడి చూస్తాడు, అంతే.

డిసెంబరులో ఎయిర్‌పోర్టు బయట బస్సెక్కాం. కిటికీ పక్క సీటు పిల్లది, మంచు మొదటిసారి చూస్తుందని. ఆయన దాని పక్కన, నేను వెనక. బస్సు కదిలిన కాసేపటికి అది నిద్రపోయింది. నోరు తెరుచుకుని, తల ఆయన చేతి మీద పడేసి, రెండు చేతులూ ఒళ్ళో వదిలేసి నిద్రపోయింది. బెల్టు పట్టీ భుజం మీంచే ఉంది. ఇంటి దగ్గర మా కారెక్కితే అది ఎప్పుడూ నిద్రపోదు. పెద్దదైపోయింది కదా, అందుకేలే అనుకునేదాన్ని.

కొండ మొదలైంది. రెండు పక్కలా తెల్లటి గట్లు లేచాయి, మంచు జోరుగా పడుతోంది. ఇది చూడకపోతే ఎలాగని లేపడానికి చెయ్యి చాచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పడుకోనీ," అన్నాడు. "చాలా రోజులైంది."

పైకి చేరేదాకా దాన్ని ఎవరం లేపలేదు.